పుట్టిన స్థలం అనే గడి

మంగళవారం.
సంత కేకలు సందు చివరిదాకా వినబడుతున్నాయి.
చంకలో ఫారాల కట్ట, బొటనవేలికి సిరా.
బడిలో లెక్కల టీచర్ని నేను,
ఈ నెల మనుషుల్ని కూడమన్నారు.

మ్యాపులో యానాం కనబడాలంటే
చూపించే వేలు పక్కకి తియ్యాలి.
గౌతమి ఒక పక్క, కోరింగ పాయ ఒక పక్క,
తక్కినదంతా ఆంధ్రా.
గోడమీంచి పిల్లి దూకితే రాష్ట్రం మారుతుంది.
మా సెలవు చీటీ మాత్రం
ఒక రాత్రంతా రైల్లో కూచుని
సంతకానికి పుదుచ్చేరి పోతుంది.

పదిహేడో నంబరు ఇల్లు. అంతోనమ్మగారు
బిస్కెట్ల డబ్బా మూత గోటితో లేపి
తాతగారి పుట్టిన కాగితం పరిచింది,
మడతల దగ్గర నాలుగు ముక్కలు.
ఆయన చినవీర్రాజు.
పరాసు గుమాస్తాకి మన 'చ' నోరు తిరగలేదు,
ముందో 'త' నిలబెట్టాడు: త్చినవీర్రాజు.
"వాళ్ళు మాకిచ్చిన ఆస్తి ఆ ఒక్క అక్షరమేనమ్మా.
తక్కింది ఉప్పెనలో పోయింది" అని
ముక్కల్ని మళ్ళీ మడిచింది, అదే మడతల్లో.

ఇరవై ఆరు. తాళం.
ఇరవై ఏడులో కాళిందమ్మ, ఎనభై తొమ్మిదేళ్ళు.
వివాహం నాటికి వయసు?
రెండు చేతులూ ఎత్తి, ఒక బొటనవేలు మడిచింది.
పిల్లల పెళ్ళిళ్ళు కూడదని అవతల చట్టమొచ్చిందట.
చట్టానికి పడవెక్కడం రాలేదు.
రేవు దాటి ఇటొస్తే
ఒకే పందిట్లో పన్నెండు జంటలు,
ఒక తాళికీ ఇంకో తాళికీ మధ్య
సన్నాయివాడికి ఊపిరి పీల్చే సందు లేదు.
"నేను నిద్దరోయాను. కట్టాక లేపారు."
మళ్ళీ ఈ ఊరు చూడ్డం
కొడుక్కి టైల్సు ఫ్యాక్టరీలో పనొచ్చాకే.
పందిరి ఎక్కడ వేశారో ఇప్పటికీ వెతుకుతోంది,
పెట్రోలు బంకు దగ్గరేనని ఆవిడ అనుమానం.

పరాసువాళ్ళ సమాధుల గోడ నీడలో
మంచినీళ్ళు తాగాను.
నాచు గోకితే వయసులు తేలాయి:
ఇరవై మూడు, ఇరవై ఆరు, పదకొండు నెలలు.
జ్వరాలై ఉంటాయి.
వీళ్ళకి ఫారం లేదు.
అలవాటుకొద్దీ కూడాను. నలభై తొమ్మిదేళ్ళ పదకొండు నెలలు,
ముగ్గురికీ కలిపి.

దరియాలతిప్ప చేరేసరికి పాటు తీస్తోంది.
బురదలో పీతలు పక్కకి నడుస్తున్నాయి.
పెసంగి నూకరాజు వల బాగుచేసుకుంటూ తలెత్తలేదు.
సొంత ఇల్లా?
"ఉండేదండీ. అదిగో, ఆ నీళ్ళలో, పది బారలవతల.
గోదారి ఇక్కడ మింగి
ఎదురు లంకలో కక్కింది.
నా మట్టి ఆంధ్రాలో ఉందండి ఇప్పుడు,
నేనిక్కడున్నాను.
పన్ను ఎటు కట్టాలో రాసుకోండి."
దానికి గడి లేదన్నాను.
పుట్టిన స్థలం?
"పడవండి.
మాయమ్మ ఎక్కినప్పుడు రేవులో ఒక జెండా,
దిగేసరికి ఇంకోటి.
మజ్జలో నేను."
ఏ గట్టు దగ్గరగా?
"నెప్పులు పడేవాళ్ళు గట్టు చూత్తారేటండీ?"

గోదావరి అని రాయబోయాను.
గడి ఇరుకు, 'గోదా' దగ్గర గీత తగిలింది.

సాయంత్రం సూపర్వైజరు ఆ ఫారం వెనక్కి తోశాడు.
"గోదా ఏ తాలూకా మేడం?"
నా జవాబు వినకుండానే
ఎర్రపెన్నుతో ఒక కోడు వేశాడు. లెక్క సరిపోయింది.
బ్లాకులో నలభై మూడు తలుపులు,
నూట డెబ్భై తొమ్మిదిమంది.

వారం తిరిగాక, రేవులో
చందువాలు తూస్తూ నూకరాజే అడిగాడు:
"నన్నెక్కడ పుట్టించారండీ మేస్టారమ్మా?"
యానాంలోనే అన్నాను.
"ఆయ్" అన్నాడు.
మొగ్గుకింకో చేప వేశాడు.
తక్కెడ కడిగి, తట్ట ఎత్తుకుని
అవతలి గట్టుకి పడవ తోశాడు,
అక్కడ రేటు బాగుంటుందని.